కొత్త నగరంలో అద్దె కారు: ఏ రోజులకు కావాలి, ఎలా తీసుకోవాలి

చాలామంది విమానం, హోటలు, కారు మూడూ ఒకే తేదీలకు బుక్ చేసేస్తారు. దిగినప్పటి నుంచి తిరుగు విమానం ఎక్కేదాకా కారు చేతిలో ఉంటే నిశ్చింతగా ఉంటుందని అనిపిస్తుంది. పెద్ద నగరంలో ఆ కారు ఎక్కువసేపు పార్కింగ్‌లోనే నిలబడి ఉంటుంది. నిలబడినా అద్దె పడుతుంది, నిలబెట్టినందుకు పార్కింగ్ ఛార్జీ విడిగా పడుతుంది. అందుకే మొదట తేల్చుకోవాల్సింది కారు ఏ రోజున కదులుతుందనేది. చాలా ప్రయాణాల్లో అలాంటి రోజులు ఒకటో రెండో ఉంటాయి. కారు ఆ రోజులకే తీసుకోండి.

ముందు కాగితం మీద లెక్క

రోజుకొక గడి గీసి, ఆ రోజు వెళ్లాల్సిన చోట్లు రాయండి. ఒక్కో చోటు పక్కన మూడు సంగతులు రాయాలి: దగ్గరి మెట్రో లేదా బస్సు స్టాపు నుంచి ఎంత దూరం నడవాలి, అక్కడ పార్కింగ్ ఉందా, రాత్రి ఆఖరి రైలు ఎన్ని గంటలకు. పది పన్నెండు నిమిషాల నడకలో స్టేషను ఉన్న చోటికి కారు అక్కర్లేదు. సిగ్నళ్లు దాటుకుంటూ వెళ్లి, పార్కింగ్ వెతుక్కుని, అక్కణ్ణుంచి నడిచే టైము కలిపితే రైలే ముందు చేరుస్తుంది. ఊరి బయట కొండలు, సముద్రతీరం, చిన్న ఊళ్లు, బస్సు రోజుకు రెండుసార్లే తిరిగే చోట్లు ఉంటే ఆ గడిలో కారు అని రాసుకోండి.

ఉదాహరణకు ఆరు రోజుల ప్రయాణం. నాలుగు రోజులు నగరంలో, రెండు రోజులు బయట. నాలుగు రోజులు మెట్రో పాస్‌తో తిరిగి, ఐదో రోజు ఉదయం నగరంలోని బ్రాంచిలో కారు తీసుకుని, తిరుగు ప్రయాణం రోజున విమానాశ్రయంలో అప్పగించవచ్చు. అయితే తీసుకున్న చోట కాకుండా మరో చోట అప్పగిస్తే వన్‌వే ఛార్జీ ఉండవచ్చు. ఒకే నగరంలోని రెండు బ్రాంచిల మధ్య కొన్ని సంస్థలు ఈ ఛార్జీ వేయవు. బుకింగ్‌లో రెండు చోట్లూ విడివిడిగా ఇచ్చి, మొత్తం ఎంత మారుతుందో చూడండి.

ఇక ఖర్చు. వెబ్‌సైట్‌లో పెద్ద అక్షరాలతో కనిపించే రోజు అద్దెను పోలికకు వాడకండి. దానికి పన్నులు, విమానాశ్రయంలో తీసుకుంటే వేసే అదనపు రుసుము, ఇన్సూరెన్స్, రెండో డ్రైవరు పేరు చేర్చే రుసుము, ఇంధనం, టోల్, నగర ప్రవేశ రుసుము, రాత్రికింతని హోటలు తీసుకునే పార్కింగ్ అన్నీ కలపండి. మరోపక్క పాస్‌లు, సామానుతో ఉన్నప్పుడు రెండు మూడు టాక్సీలు, బయటికి వెళ్లే రోజుకు డ్రైవరుతో సహా బండి వేయండి. హోటలు పార్కింగ్ ఒక్కటే అద్దెలో సగం దాకా ఉండే నగరాలున్నాయి. దాన్ని మర్చిపోతే లెక్క మొత్తం తప్పుతుంది.

చిన్నపిల్లలు, నడవలేని పెద్దవాళ్లు, భారీ సామాను, నలుగురైదుగురు కలిసి వెళ్లడం, ఇవి ఉంటే కారు వైపు మొగ్గవచ్చు. వచ్చినవాళ్లలో ఒక్కరికే డ్రైవింగ్ వచ్చి, రోజూ వాళ్లే నడపాల్సి వస్తే వద్దు వైపు మొగ్గండి. ఆ ఒక్కరికీ ఊరు చూసే అవకాశం ఉండదు. ఒక పూట పనికి గంటల లెక్కన ఇచ్చే కార్ షేరింగ్ బాగుంటుంది, కానీ లైసెన్సు సరిచూసి ఖాతా తెరవడానికి వాళ్లకు కొన్ని రోజులు పట్టవచ్చు. బయలుదేరకముందే నమోదు చేసుకోండి.

సుదీర్ఘ విమాన ప్రయాణం చేసి రాత్రి దిగినప్పుడు కారు తీసుకోవద్దు. నిద్రలేని కళ్లతో, తెలియని రోడ్ల మీద, అలవాటు లేని బండి నడపడం ప్రమాదం. ఆ రాత్రికి టాక్సీలో హోటలుకు వెళ్లి పడుకోండి.

నగరం పెట్టే ఆంక్షలు

కొన్ని నగరాల నడిబొడ్డుకు కారు తీసుకెళ్తే డబ్బు కట్టాలి, కొన్నిటిలో వెళ్లనే కూడదు. సింగపూర్ 1975లో, లండన్ 2003లో, స్టాక్‌హోం 2007లో, న్యూయార్క్ 2025లో ఇలాంటి రుసుము మొదలుపెట్టాయి. గేటు ఉండదు, మనిషి ఉండడు, చాలాచోట్ల కెమెరా నంబరు ప్లేటు చదువుతుంది. అద్దె కారుకు ఆ రుసుము సంస్థే కట్టి మీ దగ్గర వసూలు చేస్తుందా, మీరే ఆన్‌లైన్‌లో కట్టాలా అన్నది కౌంటర్‌లో అడగాల్సిన ప్రశ్న. మీరే కట్టాలంటే గడువు ఎప్పటిదాకానో కూడా అడిగి రాసుకోండి.

ఇటలీలో ఇంకొంచెం జాగ్రత్త అవసరం. అక్కడి పాత పట్టణాల మధ్యభాగాలు చాలావరకు జడ్‌టీఎల్ అనే పరిమిత ప్రవేశ ప్రాంతాలు. ప్రవేశం దగ్గర బోర్డు మీద 'వార్కో ఆత్తీవో' అని వెలుగుతుంటే ఆంక్ష అమల్లో ఉన్నట్టు. 'నాన్ ఆత్తీవో' అంటే వెళ్లవచ్చు. ఫోనులో మ్యాప్ దారి చూపించినంత మాత్రాన లోపలికి వెళ్లే హక్కు రాదు. దారి తప్పి మూడుసార్లు అదే కెమెరా కింద తిరిగితే మూడు జరిమానాలు రావచ్చు. ప్రతి జరిమానాకూ మీ వివరాలు పోలీసులకు పంపినందుకు అద్దె సంస్థ తన రుసుము వేరుగా తీసుకుంటుంది. హోటలు లోపలే ఉంటే, కారు తీసుకోగానే నంబరు హోటలుకు పంపి నమోదు చేయించమని అడగండి. వెనిస్ లాంటి ఊళ్లో ఈ ప్రశ్నే లేదు, కార్లు పియాట్సాలే రోమా దగ్గర ఆగిపోతాయి.

లైసెన్సు, కార్డు, వయసు

అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ విడిగా పనిచేసే లైసెన్సు కాదు, మీ అసలు లైసెన్సుకు అనువాదం లాంటిది. రెండూ కలిపి చూపించాలి. ఈ పర్మిట్లు వేర్వేరు ఒప్పందాల కింద వస్తాయి: 1949 జెనీవా ఒప్పందం కింద ఇచ్చినది ఏడాది చెల్లుతుంది, 1968 వియన్నా ఒప్పందం కింద ఇచ్చినది గరిష్ఠంగా మూడేళ్లు. వెళ్లే దేశం ఏది ఒప్పుకుంటుందో చూసుకోవాలి. జపాన్ 1949 నాటి రకాన్నే ఒప్పుకుంటుంది. చైనా ప్రధాన భూభాగంలో ఏదీ చెల్లదు. లైసెన్సు ఇచ్చిన దేశంలోనే పర్మిట్ కూడా తీసుకోవాలి కాబట్టి, విమానం ఎక్కాక గుర్తొస్తే చేయగలిగింది పెద్దగా ఉండదు.

కౌంటర్ దగ్గర ఎక్కువమంది ఆగిపోయేది కార్డు విషయంలో. డిపాజిట్ కోసం సంస్థ మీ కార్డులో కొంత మొత్తం బ్లాక్ చేస్తుంది. ఆ కార్డు ప్రధాన డ్రైవరు పేరు మీదే ఉండాలి. భార్య పేరున బుకింగ్, భర్త పేరున కార్డు అయితే బండి ఇవ్వకపోవచ్చు. డెబిట్ కార్డును చాలాచోట్ల డిపాజిట్‌కు తీసుకోరు, తీసుకున్నా డబ్బు నిజంగానే ఖాతాలోంచి పోయి, తిరిగి రావడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. బ్లాక్ చేసే మొత్తం షరతుల్లో ఉంటుంది. అంత లిమిట్ ఖాళీగా ఉందో లేదో బయలుదేరే ముందు చూసుకోండి. మెషీన్ మీద 'మీ దేశపు కరెన్సీలో కడతారా' అని అడిగితే స్థానిక కరెన్సీయే నొక్కండి, రెండోదానిలో మారకం రేటు మీకు నష్టంగా ఉంటుంది. 25 ఏళ్లలోపు డ్రైవర్లకు రోజుకింతని అదనంగా వేసే సంస్థలు చాలా ఉన్నాయి.

బుకింగ్

కారు ఫొటో పక్కన నాలుగక్షరాల కోడ్ ఉంటుంది. మోడల్ పేరుకు హామీ ఉండదు, ఈ కోడ్‌కు ఉంటుంది. 'ఇ సి ఎం ఆర్' తీసుకోండి. ఇ అంటే ఎకానమీ సైజు, సి అంటే రెండు లేదా నాలుగు తలుపులు, ఎం అంటే మాన్యువల్ గేర్లు, ఆర్ అంటే ఏసీ ఉంది. మూడో అక్షరం ఎ ఉంటే ఆటోమేటిక్. కొత్త రోడ్ల మీద, అలవాటు లేని వైపున నడపాల్సి వస్తే ఆటోమేటిక్‌కు ఇచ్చే అదనపు డబ్బు వృథా కాదు. చెయ్యి, కాలు గేర్ల గొడవ మర్చిపోతే కళ్లు రోడ్డు మీద ఉంటాయి.

రోజు అంటే 24 గంటలు. ఉదయం పదికి తీసుకుని మర్నాడు ఒంటిగంటకు ఇస్తే రెండు రోజుల అద్దె పడవచ్చు. ఆలస్యానికి ఇచ్చే వెసులుబాటు సాధారణంగా అరగంట లోపే. నగరంలోని బ్రాంచిలు ఆదివారం మూసి ఉండవచ్చు, మధ్యాహ్నం విరామం ఉండవచ్చు, సాయంత్రం తొందరగా కట్టేయవచ్చు. వారం అద్దె రేటుకు తీసుకుని ముందే ఇచ్చేస్తే డబ్బు మిగులుతుందని అనుకోకండి. మిగిలిన రోజులను రోజువారీ రేటుకు లెక్కగట్టి మొత్తం పెంచే షరతు ఉండవచ్చు.

ఇంధనానికి 'ఫుల్ టు ఫుల్', అంటే నిండు ట్యాంకుతో తీసుకుని నిండు ట్యాంకుతో ఇచ్చే పద్ధతి ఉన్న బుకింగ్‌నే ఎంచుకోండి. ట్యాంకు ముందే కొనిపించే పద్ధతిలో మిగిలిన ఇంధనానికి డబ్బు తిరిగి రాదు. బుకింగ్‌లో కిలోమీటర్ల పరిమితి, దేశం సరిహద్దు దాటవచ్చా అన్నది కూడా చూడండి. అనుమతి లేకుండా దాటితే ఇన్సూరెన్స్ చెల్లకుండా పోతుంది.

ఇన్సూరెన్స్ దగ్గర ఆగండి

ఇక్కడ అక్షరాల పేర్లు భయపెడతాయి, సంగతి మాత్రం సులువు. మీరు ఇతరులకు చేసే నష్టం ఒకటి, కారుకు జరిగే నష్టం మరొకటి. మొదటిది లేకుండా రోడ్డెక్కకూడదు. రెండోదానికి సీడీడబ్ల్యూ అనే ఏర్పాటు ఉంటుంది: కారు పాడైతే మీ వాటాగా ఒక మొత్తం కడితే, మిగతాది సంస్థ భరిస్తుంది. ఆ వాటాను కాంట్రాక్టులో ఎక్సెస్ అనో డిడక్టిబుల్ అనో రాస్తారు. యూరప్ దేశాల్లో అద్దెలో ఇది సాధారణంగా కలిసే ఉంటుంది, ఎక్సెస్ మాత్రం పెద్దదిగా ఉంటుంది. అమెరికాలో మూల అద్దెలో చాలాసార్లు ఇది ఉండదు, ఇతరులకు జరిగే నష్టానికి ఉండే ఇన్సూరెన్స్ కవరు కూడా తక్కువగా ఉండవచ్చు.

ఎక్సెస్‌ను తగ్గించడానికి మూడు దారులు. కౌంటర్‌లో అమ్మేది ఒకటి: ఖరీదెక్కువ, కానీ ప్రమాదం జరిగితే తాళం ఇచ్చి వచ్చేయవచ్చు. ముందే బయట సంస్థ నుంచి కొనేది రెండోది: చాలా చవక, అయితే డబ్బు ముందు మీరు అద్దె సంస్థకు కట్టి తర్వాత క్లెయిమ్ చేసుకోవాలి, పెద్ద డిపాజిట్ ఎలాగూ బ్లాక్ అవుతుంది. మూడోది క్రెడిట్ కార్డుతో వచ్చేది: అద్దె మొత్తం ఆ కార్డుతోనే కట్టాలి, కౌంటర్ కవరు వద్దనాలి, కొన్ని దేశాలు, కొన్ని రకాల బండ్లు ఇందులోకి రావు. కార్డు సంస్థ నుంచి ఇది రాతపూర్వకంగా తెచ్చుకోండి.

కవరు తీసుకున్నా సాధారణంగా కలవనివి కొన్ని ఉంటాయి: టైర్లు, చక్రాల రింగులు, ముందు అద్దం, కారు అడుగుభాగం, పైకప్పు, తాళం పోవడం, తప్పు ఇంధనం పోయడం. నగరంలో ఎక్కువగా దెబ్బతినేది రింగులే. ఫుట్‌పాత్ అంచుకు రాసుకుంటాయి. 'జీరో ఎక్సెస్' అని అన్నప్పుడు రింగులు, అద్దం కలిశాయా అని అడగండి.

కౌంటర్‌లో సంతకం చేయించేది చాలాచోట్ల చిన్న ట్యాబ్లెట్ మీద. వేలితో సంతకం పెట్టమని తెర మీ వైపు తిప్పుతారు. మీరు చూసేది సంతకం గడి మాత్రమే, పైన ఉన్న వరసలు అప్పటికే స్క్రోల్ అయిపోయి ఉంటాయి. వేలితో వెనక్కి జరిపి ఒక్కో వరసా చదవండి. వద్దన్న రోడ్‌సైడ్ సహాయం, వద్దన్న అప్‌గ్రేడ్ అందులో ఉంటే అప్పుడే తీయించండి. సంతకం పెట్టాక అవి మీరే ఒప్పుకున్నట్టు లెక్క. 'మీ సామాను ఈ కార్లో పట్టదు' అని చెబితే, ముందు కారు దగ్గరికి వెళ్లి డిక్కీలో పెట్టి చూస్తామనండి.

కారు చుట్టూ పది నిమిషాలు

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. పార్కింగ్ చీకటిగా ఉన్నా, కారు కడిగి తడిగా ఉన్నా గీతలు కనిపించవు. నీటి పొర గీతలను నింపేసి నున్నగా చూపిస్తుంది. గుడ్డతో తుడిచి, వీలైతే వెలుతురులోకి తెచ్చి, ఫోను టార్చ్‌ను ఏటవాలుగా పట్టండి. ఎదురుగా పట్టిన వెలుగులో సొట్ట కనిపించదు, వాలుగా పడితే దాని నీడ కనిపిస్తుంది.

వీడియో నంబరు ప్లేటుతో మొదలుపెట్టండి. తర్వాత మీటరులో కిలోమీటర్లు, ఇంధనం ముల్లు. ఆ తర్వాత ఆపకుండా చుట్టూ తిరగండి: నాలుగు తలుపుల అంచులు, ముందూ వెనకా బంపర్ల కింది మూలలు, సైడ్ అద్దాల వెనకభాగం, పైకప్పు. నాలుగు చక్రాల దగ్గరా కూర్చుని రింగు మొత్తం చూపించండి. ముందు అద్దంలో ఆవగింజంత పగులును కూడా దగ్గరగా తీయండి, అది నాలుగు రోజుల్లో పొడుగు గీత కాగలదు. లోపల సీట్ల మీద మరకలు, కాలిన గుర్తులు. కనిపించిన ప్రతిదీ వాళ్ల కాగితం మీద రాయించి, ఉద్యోగి చేత గుర్తు పెట్టించుకోండి. మీ వీడియోతో వాదించవచ్చు, వాళ్ల సంతకం ఉంటే వాదన అవసరమే ఉండదు.

టైర్ల గాడుల్లో అడ్డంగా చిన్న గట్లుంటాయి. టైరు అరిగి ఆ గట్లతో సమానమైతే లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చినట్టు. చాలా దేశాల్లో అదే చట్టపరమైన కనిష్ఠం. అలాంటి టైరుంటే వేరే కారు అడగండి. టైరు పక్కన నాలుగంకెల గుర్తు తయారీ వారం, సంవత్సరం చెబుతుంది: 2319 అంటే 2019లో 23వ వారం. డిక్కీలో స్టెప్నీ ఉందా, దాని బదులు పంక్చర్ కిట్ ఉందా, హెచ్చరిక త్రికోణం, మెరిసే జాకెట్ ఉన్నాయా చూడండి. పిల్లల సీటు తెప్పించుకుంటే దాన్ని బిగించే పని మీదే అవుతుంది, అది కదలకుండా ఉందో లేదో ఊపి చూడండి.

కదిలే ముందు రివర్స్ గేరు ఎలా పడుతుందో, హ్యాండ్‌బ్రేక్ బటనా లీవరా, లైట్లు, వైపర్లు ఎటువైపో పార్కింగ్‌లోనే తెలుసుకోండి. అలవాటైన వైపు కాకుండా రెండో వైపు నడిపే దేశమైతే, ఇండికేటరు వేయబోతే వైపర్లు తిరగవచ్చు.

రోడ్డు మీద

అలవాటు లేని వైపు నడిపేటప్పుడు ఒక గుర్తు పెట్టుకోండి: ఆ దేశపు కార్లో డ్రైవరు ఎప్పుడూ రోడ్డు మధ్య గీతకు దగ్గరగా కూర్చుంటాడు. మలుపు తిరిగాక మీరు ఫుట్‌పాత్ పక్కన ఉన్నారంటే తప్పు వైపున ఉన్నారు. పొరపాటు ఎక్కువగా జరిగేది ఖాళీ రోడ్లలో, పార్కింగ్ నుంచి బయటికొచ్చే మొదటి మలుపులో. ఇంకొకటి, పక్కసీటు వైపు కారు ఎంత వెడల్పుందో అంచనా తప్పుతుంది. డ్రైవరు తనకు తెలియకుండానే అటు జరుగుతాడు, రింగులు రాసుకునేది అందుకే.

పార్కింగ్‌లో స్తంభం మీద ఎన్ని బోర్డులుంటే అన్నీ చదవండి. ఒకటి గంటల పరిమితి, ఇంకొకటి ఇక్కడ నివాసం ఉండేవారికే అనేది, మూడోది వీధి ఊడ్చే రోజు. ఊడ్చే రోజున పెడితే అధికారులు బండిని లాగి తీసుకెళ్లవచ్చు. కారు, బోర్డు రెండూ పడేలా ఫొటో తీయండి. పాత పార్కింగ్ భవనాల్లో ఎత్తు పరిమితి రెండు మీటర్ల లోపు ఉండేవి ఉన్నాయి, పెద్ద బండైతే గేటు దగ్గరే చూసుకోండి. సీట్ల మీద ఏమీ వదలకండి, ఖాళీ సంచి కూడా.

ఇంధనం ముల్లు పక్కన చిన్న త్రికోణం మూత ఎటువైపు ఉందో చెబుతుంది. బంకులో ఇంధనం పోసే గన్ రంగును నమ్మకండి: బ్రిటన్‌లో ఆకుపచ్చ గన్ పెట్రోలుది, అమెరికాలో చాలా బంకుల్లో అదే ఆకుపచ్చ డీజిల్‌ది. యూరప్‌లో 2018 నుంచి గుండ్రటి గుర్తులో ఇ అక్షరం పెట్రోలుకు, చతురస్రంలో బి అక్షరం డీజిల్‌కు వాడుతున్నారు. ఇంధనం మూత లోపలి వైపు రాసినది చదివి పోయండి. తప్పు పోసేస్తే ఇంజిన్ స్టార్ట్ చేయకండి, తాళం కూడా తిప్పకండి. అప్పుడు ట్యాంకు ఖాళీ చేస్తే సరిపోతుంది. స్టార్ట్ చేస్తే ఆ ఇంధనం పంపు, ఇంజెక్టర్లలోకి వెళ్లి ఖర్చు ఎన్నోరెట్లవుతుంది.

ఎలక్ట్రిక్ కారైతే, తీసుకునేటప్పుడు బ్యాటరీ ఎంత శాతం ఉంది, ఎంతతో ఇవ్వాలి, ఛార్జింగ్‌కు ఏ కార్డు లేదా యాప్ పనిచేస్తుంది అన్నవి ముందే అడగండి.

చిన్న గుద్దుడైనా ఆగి, రెండు బండ్ల స్థానం కనిపించేలా ఫొటోలు తీయండి, పోలీసు రిపోర్టు తీసుకోండి, సంస్థకు ఫోను చేయండి. రిపోర్టు లేకపోతే ఇన్సూరెన్స్ చెల్లదని రాసిన కాంట్రాక్టులు చాలా ఉన్నాయి. మీకు రాని భాషలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టకండి.

అప్పగించేటప్పుడు

ఇచ్చే చోటికి దగ్గరలోని బంకులో ట్యాంకు నింపి రసీదు దాచండి. మొదటి వీడియో వరసలోనే మళ్లీ ఒక వీడియో తీయండి. ఉద్యోగి చూసి కాగితం ఇచ్చేదాకా ఉండండి. ఆఫీసు మూసి ఉండి తాళం పెట్టెలో వేయాల్సి వస్తే, వాళ్లు ఉదయం వచ్చి చూసేదాకా కారు బాధ్యత మీదేనని కాంట్రాక్టులో ఉండవచ్చు. అందుకని ఆఫీసు తెరిచి ఉండే వేళకే ఇవ్వడం మేలు. కారు స్క్రీన్‌లోంచి మీ ఫోను పేరు, కాంటాక్టులు, హోటలు చిరునామా తీసేయండి.

టోల్, కెమెరా జరిమానాలు నెలల తర్వాత కూడా కార్డు మీద పడతాయి. కాంట్రాక్టు, రెండు వీడియోలు, పెట్రోలు రసీదు, పార్కింగ్ టికెట్లు ఒక ఫోల్డర్‌లో వేసి కనీసం ఏడాది ఉంచండి. మీరు లేని తేదీకో, మీరు వెళ్లని రోడ్డుకో డబ్బు తీస్తే, అప్పగించిన సమయం ఉన్న కాగితం జతచేసి ముందు అద్దె సంస్థకు రాయండి. జవాబు రాకపోతే అదే కాగితంతో బ్యాంకులో వివాదం నమోదు చేయండి.